కలలో భోంచేస్తే కడుపు నిండుతుందా?

'వేకింగ్ లైఫ్' అని ఒక సినిమా ఉంది. 2001లో వచ్చింది, తీసింది రిచర్డ్ లింక్‌లేటర్. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. పేరు కూడా లేని ఒక కుర్రాడు ఊరంతా తిరుగుతుంటాడు. దారిలో ఎవరో ఒకరు తగిలి మాట్లాడుతుంటారు.. ఫిలాసఫీ ప్రొఫెసరు, జైల్లో పళ్ళు కొరుకుతున్నవాడు, పడవలాంటి కారు నడిపేవాడు. ఇతను వింటాడు. కాసేపటికి నిద్ర లేస్తాడు, తీరా చూస్తే అదీ కలే. మళ్ళీ లేస్తాడు, అదీ కలే. నా స్నేహితుడొకడు పావుగంట చూసి "నాకు నిద్రొస్తోంది" అని లేచి వెళ్ళిపోయాడు. (వాడైనా నిజంగా లేచాడనే నా నమ్మకం :))

నన్ను ముందుగా పట్టుకున్నది ఆ మాటలు కాదు, బొమ్మ. మామూలు డిజిటల్ వీడియో కెమెరాలతో నిజం మనుషుల్ని తీసి, ఆ వీడియో మీద 30 మందికి పైగా చిత్రకారులు కంప్యూటర్లో గీతలు గీశారు. ఒక్కో పాత్రకి ఒక్కో చెయ్యి. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు, మాక్స్ ఫ్లైషర్ దీనికి 1917లోనే పేటెంట్ తీసుకున్నాడు. బాబ్ సాబిస్టన్ అనే ఆయన దీనికి 'రోటోషాప్' అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. ప్రతి ఫ్రేమూ కూర్చుని గీయక్కర్లేదు. ఇక్కడొక గీత, కొన్ని ఫ్రేముల తర్వాత ఇంకో గీత గీస్తే మధ్యలోవి ప్రోగ్రామే లెక్కేసి పూరిస్తుంది. అందుకే ముక్కు ఒకచోట, కళ్ళు ఇంకోచోట తేలుతుంటాయి, గోడలు నీళ్ళమీద ఉన్నట్టు ఊగుతాయి. ఆళ్ళగడ్డలో శిల్పులు పనిచేస్తుంటే నిలబడి చూసినవాళ్ళకి తెలుసు, రాతిమీద ముందు గీత గీసుకుంటారు, తర్వాత ఉలి ఆ గీతకి కట్టుబడి నడుస్తుంది. అక్కడ గీత బొమ్మని నిలబెడుతుంది. ఈ సినిమాలో గీత మనిషిని కరిగిస్తుంది. కానీ అడుగున మాత్రం నిజం మనిషే ఉన్నాడు!

కలలో ఉన్నామా లేదా అని తేల్చుకోడానికి సినిమాలో ఒక చిట్కా చెప్తారు. లైటు స్విచ్ వేసి చూడాలట, కలలో వెలుతురు మారదట. నా చిన్నప్పటి నంద్యాలలో ఈ చిట్కా పాటించి ఉంటే ఎండాకాలం సగం రోజులు కలలోనే గడిపామని లెక్క తేలేది.

హాస్యానికి అన్నా గానీ, కల కంటూ ఇది కలే అని తెలుసుకోవడం ఉత్తమాట కాదు. 1975లో ఇంగ్లండులో హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే ఆయన దీన్ని ప్రయోగం చేసి చూశాడు. నిద్రలో ఒళ్ళంతా కదలకుండా పోయినా కనుగుడ్లు కదులుతాయి కదా, కల అని తెలియగానే ముందే అనుకున్న లెక్కప్రకారం కళ్ళు అటూఇటూ తిప్పమన్నాడు. నిద్రపోతున్న మనిషి తిప్పాడు! తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్ కూడా ఇదే నిరూపించాడు. నాకు ఇందులో నచ్చేదేంటంటే, కలలోంచి బయటికి ఒక కబురు రావడం.

మన దగ్గర ఈ ప్రశ్న పాతది. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే, వాటిలోనే మెలకువ, కల, గాఢనిద్ర, ఆ మూడూ దాటిన నాలుగోది, అన్నీ సర్దేశారు. దానికి కారికలు రాసిన గౌడపాదులు ఇంకో అడుగు ముందుకేసి, మెలకువలో కనిపించేవి కూడా కలలో కనిపించేవాటిలాంటివే అన్నారు. ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. మెలకువలో అన్నం తింటే ఆకలి తీరుతుంది కదా, కలలో అన్నంతో తీరదు కదా? దానికి శంకరుల భాష్యంలో జవాబుంది. కడుపునిండా తిని పడుకున్నవాడు కూడా కలలో ఆకలితో అలమటిస్తాడు. అంటే మెలకువలో తిన్నది కలలో పనికిరాలేదు. రెండూ సమానమే!

ఈ వాదన చదివినప్పుడు భలే ఉందే అనుకున్నా. మా అవ్వ చివరి ఏడాది చూశాక అది అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

అవ్వది ఆళ్ళగడ్డ. మా నాన్న ఉద్యోగం నంద్యాలలో కాబట్టి పెద్దయ్యాక మా దగ్గరే ఉండేది. చివర్లో ఆమెకి కలకీ మెలకువకీ మధ్య గోడ పడిపోయింది. పొద్దున లేచి "రాత్రి ఆళ్ళగడ్డకి పోయినాలే, పెండ్లి. బాగ తిన్నా" అని కంచం పక్కకి జరిపేది. నిజంగానే ఆకలి లేనట్టు ఉండేది ఆమె మొహం. శంకరుల ఉదాహరణ తిరగబడి మా వంటింట్లో కూర్చున్నట్టు! ఒళ్ళు చూస్తే రోజురోజుకీ చిక్కిపోతోంది.

మా నాన్న పద్ధతి ఒకటే, నిజం చెప్పడం. "పెండ్లి లేదు, ఏం లేదు, నువ్వు రాత్రంతా ఈ మంచం మీదే ఉన్నావమ్మా" అనేవాడు. ఆమె ఏడ్చేది. చిన్నాన్న వస్తే "అవునా, ఏమేం పెట్టినారు?" అని గంటసేపు కబుర్లు చెప్పేవాడు. ఆమె సంతోషంగా ఉండేది, కంచం మాత్రం అలాగే ఉండేది. అమ్మ ఒకరోజు పెరుగన్నం కలుపుకొచ్చి, "పెండ్లిలో పెరుగు చాల్లేదంట కదత్తా, నీకని పంపించినారు" అంది. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి "అట్లనా, తే" అని తినేసింది.

అమ్మ చెప్పింది అబద్ధమే, ఒప్పుకుంటా. కానీ అదే అమ్మ, అవ్వ అర్ధరాత్రి ఒంటరిగా ఆళ్ళగడ్డ బస్సెక్కుతానని గడియ తీస్తే కలలోకి వెళ్ళలేదు, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. ఎక్కడ లోపలికి వెళ్ళాలో, ఎక్కడ బయట నిలబడాలో ఆమెకి తెలుసు. ఉపనిషత్తు చదివి కాదు, అవ్వ ఒంటి మీద కన్నేసి ఉంచింది కాబట్టి.

గౌడపాదుల్ని కాదనేంత చదువు నాకు లేదు. ఆయన మాట్లాడేది పరమార్థం గురించి, పూటకింత అన్నం తినిపించాల్సిన పరిస్థితి గురించి కాదు. కానీ ఆ రెండోదాంట్లో కలా నిజమా అని తేల్చే పరీక్ష లైటు స్విచ్ కాదనుకుంటా, ఇంకో మనిషి. నా కలలోకి ఎవరూ గిన్నె పట్టుకుని రాలేరు. మెలకువలో రాగలరు. అవ్వ ఉన్న చోటికి అమ్మ వెళ్ళగలిగింది కాబట్టే అది పూర్తిగా కల కాలేదు.

ఈ లెక్కన చూస్తే 'వేకింగ్ లైఫ్'లో కుర్రాడి బాధ నాకు వేరేగా కనిపిస్తుంది. అతనితో అంతమంది మాట్లాడతారు. స్వేచ్ఛ గురించి, చావు గురించి, కాలం గురించి.. అన్నీ గొప్ప మాటలే. కానీ నువ్వు ఎలా ఉన్నావని నిలబడి కనుక్కునేవాళ్ళు అతనికి దొరకరు. చివరికి కారు తలుపు పట్టుకోబోయి, చెయ్యి అందక ఆకాశంలోకి తేలిపోతాడు. అది మోక్షమనేవాళ్ళున్నారు, చావనేవాళ్ళున్నారు. నాకైతే పట్టుకునేవాళ్ళు లేక వెళ్ళిపోయాడనిపిస్తుంది.

గంటా నలభై నిమిషాల సినిమా, వీలైతే చూడండి. ఒక్కరే కాకుండా ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే మంచిది.