డేగమ్మగారి పట్టీలు

పట్టీలనగానే మనకి వెండి దుకాణం గుర్తొస్తుంది. మువ్వలు ఎన్నుండాలి, కొక్కెం గట్టిదేనా, కాలు ఒరుసుకుపోదు కదా అని ఆడపిల్ల కాలికి బోలెడు యోచన చేస్తాం. డేగ కాలికి అంతకు నాలుగింతలు యోచన చేస్తారని, ఇంగ్లండులో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు తెలిసింది.

వాళ్ల ఊరి దగ్గర్లో డేగల్ని పెంచి, ఎగరేసి చూపించే తోట ఒకటుంది. అక్కడి పెద్దాయన చేతిమీద కూర్చున్నది హారిస్ హాక్. అమెరికా జాతి. డేగల్లో మగదానికన్నా ఆడదే పెద్దదట. (ఈ ముక్క విని మా మరిది నవ్వాడు, మా చెల్లెలు నవ్వలేదు.) అందుచేత ఆడదాని పట్టీ మగదానికి పనికిరాదు. వదులైతే పాదం మీదికి జారుతుంది, బిగువైతే కాలు పుండవుతుంది. తోలు ఎండిందంటే అంచు గీరుకుపోతుంది కనుక, కొవ్వు రాసి మెత్తగా ఉంచుతూంటాడు. కంగారూ తోలు శ్రేష్ఠమట. పలచనిదే అయినా గట్టిది.

ఇదంతా సరే. అసలు ప్రాణం మీదికి తెచ్చేది పట్టీ కాదు, పట్టీకున్న కంతలోంచి దూర్చే తోలు వారు. పిట్ట దిమ్మ మీద కూర్చున్నప్పుడు వాడే వారుకి చివర ఒక చీలిక ఉంటుంది. ఆ చీలికలోకి గిర్రున తిరిగే కడియం, కడియానికి తాడు. తాడు కూడా కురచగా కట్టాలి. పొడుగైతే, పిట్ట ఎగరబోయి వేగం పుంజుకున్నాక ఒక్క కుదుపుకి కాళ్లు దెబ్బతింటాయి. ఎగరేసేముందు మాత్రం ఈ వార్లు లాగేసి, చీలిక లేనివి తొడుగుతారు.

“ఎందుకూ?” అన్నాను.

“చీలికలో ఓ పుల్ల దూరితే చాలు. కొమ్మకి తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది.”

నేను మాట్లాడలేకపోయాను.

నాకు పదేళ్లప్పుడు మా కొబ్బరిచెట్టు మీంచి గద్దపిల్ల పడింది. పెంచుతానని మారాం చేసి, ఎగిరిపోతుందేమోనని కాలికి పురికొస కట్టాను. నా తెలివి చూడండి, తెగకూడదని రెండు పేటలు వేశాను! నెల తిరక్కుండానే స్తంభం దగ్గర ముడి ఊడింది. కాలి దగ్గరిది ఊడలేదు. వీధి చివర చింతచెట్టులో పురికొస చిక్కుకుంది. నిచ్చెన అందలేదు. రెండురోజులు రెక్కల చప్పుడు వినిపించింది, మూడోనాడు వినిపించలేదు. ఇంట్లో నన్నెవరూ ఏమీ అనలేదు. అంటే బావుండేది.

టి.హెచ్. వైట్ అనే ఇంగ్లీషు నవలాకారుడు 1951లో అచ్చువేసిన ‘ది గోస్‌హాక్’ చదువుతూ, ఆయన డేగ కూడా పురికొస తెంచుకుని, కాలి వార్లతోనే పోయిందన్న చోట పుస్తకం మూసేశాను. చాలారోజులు మళ్లీ తెరవలేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవి డేగల్ని పట్టి పెంచడం నేరం. సాళువ నరసింహరాయలి వంశానికి పేరిచ్చిన సాళువ కూడా వేట డేగే అయినా, ఇప్పుడా ముచ్చట మనకి లేదు. లేకపోవడమే మంచిదని, నాలాంటివాళ్లని చూసే అంటున్నాను.

పెద్దాయన వార్లు మార్చాడు. రెండు చీలిక వార్లూ జేబులో పెట్టుకున్నాడో లేదో నేను రెండుసార్లు అడిగాను. విసుక్కోకుండా తీసి చూపించాడు. డేగ వెళ్లి ఓక్ చెట్టెక్కి కూర్చుంది. పది నిమిషాలైనా దిగదు.

“రాకపోతే?” అన్నాను.

“ఆకలేస్తే వస్తుంది. రాకపోయినా ఆ వార్లు దేనికీ తగులుకోవు. నాలుగు రోజులు పోతే అదే ముక్కుతో పీక్కుంటుంది.”

చేతికి తోలు తొడుగు వేసి, మాంసం ముక్క పెట్టి, చెయ్యి చాపమన్నాడు. చాపాను. మా మరిది గడియారం చూసుకుంటున్నాడు. నేను చెట్టునే చూస్తూ నిలబడ్డాను, భుజం లాగేస్తున్నా దించకుండా.