అమ్మ వెళ్ళాక కాసిన చిక్కుడు

అక్టోబరు రెండో వారంలో అమ్మను విమానం ఎక్కించి వచ్చిన సాయంత్రం పెరట్లోకి వెళ్ళాను. పందిరి నిండా చిక్కుడు విరగబూసి ఉంది. ఊదారంగు పూల గెలలు, వాటి కింద గోరంత పిందెలు. మే నెలలో విత్తనం పెట్టింది అమ్మ. నీళ్ళు పోసింది, పేనుబంక పట్టిన కొసలు తుంచి పారేసింది, తీగకు పురికొస కట్టి పందిరెక్కించింది. అయిదు నెలలు దానికి చాకిరీ చేసి, ఒక్క పూట కూరైనా వండుకోకుండా తెనాలి వెళ్ళిపోయింది.

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగిళ్ళలో ఏటా జరిగేదే ఇది. అమ్మలూ అత్తగార్లూ ఏప్రిల్‌లో వస్తారు. వచ్చినవాళ్ళను ఇక్కడ ఉండనిచ్చే గడువు మామూలుగా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో గోంగూర మూడు నాలుగు కోతలు కోస్తారు, బెండకాయలు వేయిస్తారు, దోసకాయ పప్పు వండుతారు, సొరకాయలు ఇరుగుపొరుగుకు పంచుతారు. చిక్కుడు ఒక్కటే వాళ్ళ చేతికి అందదు. పాదు ఏపుగా పెరుగుతుంది, కంచె దాటి పక్కవాళ్ళ వైపు పాకుతుంది, ఆగస్టు వెళ్ళేదాకా అన్నీ ఆకులే. "నేలలో సత్తువ ఎక్కువై ఆకు వేస్తోందే, నీళ్ళు తగ్గించు" అనేది అమ్మ. తగ్గించాం. అయినా పూత రాలేదు.

తప్పు నేలది కాదు. చిక్కుడు రాత్రిని కొలుచుకునే మొక్క. రాత్రి తనకు చాలినంత పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. తెనాలిలో జూన్ నెలలో కూడా పగలు 13 గంటలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఇక్కడ అదే జూన్‌లో 15 గంటలు. సెప్టెంబరు 22, 23 తేదీలకు పగలూ రాత్రీ సమానమవుతాయి. ఆ దగ్గర్లోకి వస్తేగానీ ఈ తీగకు నమ్మకం కుదరదు. మన ఊళ్ళో పందిరి చిక్కుడు ఎప్పుడు విత్తినా చలి మొదలయ్యాకే పూసి, సంక్రాంతికి చెట్టు కనపడకుండా కాసేది ఇందుకే. ఇక్కడ కూడా అది తన లెక్క తప్పలేదు. కాకపోతే అక్కడ ఎదురయ్యేది సంక్రాంతి, ఇక్కడ ఎదురయ్యేది మంచు.

ఈ రహస్యం బయటపడింది కూడా ఈ దేశంలోనే, ఇలాగే పూయనన్న ఒక మొక్క వల్ల. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు శాస్త్రజ్ఞులుండేవారు. మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు వేసవంతా పెరుగుతూనే పోయి, పూయకుండానే మంచుకు చచ్చిపోయేది. ఎండలో ఉన్న కుండీల్ని రోజూ కొన్ని గంటలపాటు చీకటి కొట్లోకి చేర్చి చూశారు వాళ్ళు. నడివేసవిలో పూసింది. 1920లో అచ్చయిన ఆ పరిశోధన గురించి చదివాక మా పాదు మీద నాకున్న కినుక పోయింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు పగటి పొడవుతో నిమిత్తం లేకుండా కాసే పొద చిక్కుళ్ళు తయారుచేశారు, అర్క జయ్, అర్క విజయ్ అని. అమ్మకు చెప్పాను. పందిరెక్కని చిక్కుడు తనకు వద్దంది.

అమ్మ వెళ్ళిన పన్నెండు రోజులకు కాయలు అందుకున్నాయి. మరో వారానికి రేపు తెల్లవారుజామున మంచు పడుతుందని వాతావరణ వార్త. మావారూ నేనూ టార్చిలైటు పట్టుకుని రాత్రి తొమ్మిదింటిదాకా కోశాం. పైన అందనివి మా అమ్మాయి స్టూలెక్కి కోసింది. పండినదీ లేతదీ చూడలేదు, చేతికి తగిలినదల్లా బుట్టలో వేశాం. కోయలేని భాగం మీద పాత దుప్పట్లు కప్పాం. తెల్లారి చూస్తే దుప్పటి లేని చోట ఆకులన్నీ వేణ్ణీళ్ళు పోసినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. వంటింటి గట్టు మీద పద్నాలుగు పౌన్ల చిక్కుడుకాయలున్నాయి.

తెనాలిలో అయితే ఇది సమస్యే కాదు. చిన్నప్పుడు మా పెరట్లో పాదు కాస్తున్నన్ని రోజులూ పొద్దున్నే నాలుగు పళ్ళేలు సర్దేది అమ్మ. ఒకటి గోడ మీంచి పక్కింటి పిన్నిగారికి, ఒకటి ఎదురింటికి, ఒకటి చాకలి సుబ్బమ్మకు, ఒకటి బడికెళ్ళే దారిలో నా చేత మాస్టారింటికి. ఇక్కడ నాకు ఇవ్వాలని లేక కాదు. తెలిసిన తెలుగిళ్ళన్నిట్లోనూ అదే వారం, అదే మంచుకు భయపడి, అంతే కాయ కోసి కూర్చుంటారు. ఫోన్ చేస్తే "మీకేమైనా కావాలా" అని వాళ్ళే ముందు అడుగుతారు. ఇక మిగిలింది డీప్ ఫ్రీజరే.

మొదటి ఏడాది కడిగి, తుడిచి, తుంచి, కవర్లలో పోసి లోపల పెట్టేశాను. పచ్చిగా పెడితే పచ్చిగానే ఉంటాయనుకున్నాను. క్రిస్మస్ సెలవుల్లో ఒక పొట్లం తీసి వండితే మూకుడులోంచి తడిసిన ఎండుగడ్డి వాసన వచ్చింది. కాయ రంగు మాసింది, నమిలితే తోలు. అన్ని పొట్లాలూ అంతే. అమ్మ పెంచిన పంటంతా నా చేతుల్తో పారబోశాను. ఆ సాయంత్రం తనకు ఫోన్ చెయ్యలేకపోయాను.

కాయను తీగనుంచి కోసినంత మాత్రాన దాని లోపలి పని ఆగిపోదు. ఎంజైములు చలిలో నెమ్మదిస్తాయి గానీ చావవు. సున్నా కింద 18 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర కూడా అవి కాయలో ఉన్న కాస్త కొవ్వునూ మారుస్తూ, పచ్చదనాన్ని తింటూ, ఆ గడ్డివాసన పుట్టిస్తూ ఉంటాయి. వాటిని ఆపేది వేడి ఒక్కటే. అందుకే ఫ్రీజర్‌లో పెట్టేముందు కాయల్ని మరిగే నీళ్ళలో ముంచి తీయాలి. ఎంతసేపన్నదే కీలకం. సగం వేడి తగిలితే ఎంజైములు చావకపోగా ఇంకా రెచ్చిపోతాయి, అసలు ముంచకపోవడం కంటే అది చేటు. ఎక్కువైతే కాయ ఉడికిపోతుంది.

ఇదంతా ఆ జనవరిలో అమ్మకు ధైర్యం చేసి చెప్పాను. విని, కాసేపాగి అంది: "ఒరుగులకు మాత్రం ఏం చేస్తామే? ఉప్పు నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి, వార్చి, అప్పుడుగా ఎండబెట్టేది. పచ్చివే ఎండేస్తే గడ్డిపోచలవుతాయి. నన్నడిగితే చెప్పేదాన్నిగా." నిజమే. మా మేడ మీద పాత పంచెల మీద గోరుచిక్కుడు ఒరుగులు, చిక్కుడు ఒరుగులు ఎండుతుంటే కాకుల్ని తోలుతూ కూర్చున్నది నేనే. వాటిని ఎండబెట్టేముందు అమ్మ ఎసట్లో వేసి తీయడం కళ్ళారా చూశాను. ఎండలో దాచినా చలిలో దాచినా మొదటి పని ఒకటేనని నాకు తట్టలేదు.

రెండో ఏడాది నుంచి మంచు పడిన మర్నాడు మా ఇంట్లో పని పొద్దున్నే మొదలవుతుంది. ముందు ఏరడం. లేత కాయలు ఒక వైపు, గింజ పట్టినవి ఒక వైపు, తొక్క ముదిరినవాటిని ఒలిచి గింజ మాత్రం తీసుకోవడం. తర్వాత ఈనెలు తీయడం. తొడిమ దగ్గర తుంచి ఒక పక్కన కిందికంటా లాగాలి, కొస దగ్గర తుంచి రెండో పక్కన పైకంటా లాగాలి. తొందరపడితే ఈనె మధ్యలో తెగి కాయలోనే ఉండిపోతుంది. పద్నాలుగు పౌన్లకు ముగ్గురం కూర్చుంటే మూడు గంటలు. ఇంత సమయం మేం ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చునే రోజు ఏడాదిలో మరొకటి లేదు. మా అమ్మాయి మొదట్లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేది. వేళ్ళకు ఆకుపచ్చ మరక అంటాక దాన్ని ముట్టుకోదు. అప్పుడు బడి సంగతులు వాటంతట అవే వస్తాయి.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటాయి. పౌను కాయకు గ్యాలన్ నీళ్ళు, అంటే దాదాపు నాలుగు లీటర్లు. జార్జియా విశ్వవిద్యాలయంలో ఇళ్ళలో ఆహారం దాచుకునే పద్ధతులు చెప్పే జాతీయ కేంద్రం ఉంది. పచ్చి బీన్సుకు 3 నిమిషాలు, లైమా గింజలకు సైజును బట్టి 2 నుంచి 4 నిమిషాలని వాళ్ళ లెక్క. చిక్కుడుకాయకూ గింజకూ నేను అదే పాటిస్తాను. కాయలు వేసిన నిమిషంలోపు నీళ్ళు మళ్ళీ మరగాలి. మరగకపోతే కాయ ఎక్కువ వేశామన్నమాట. మళ్ళీ మరగడం మొదలైనప్పటి నుంచే నిమిషాలు లెక్కపెట్టాలి. రంగు ఒక్కసారిగా నిగారిస్తుంది, తీగ మీద కూడా చిక్కుడు అంత పచ్చగా ఉండదు. వెంటనే చిల్లుల గిన్నెతో ఎత్తి ఐసు నీళ్ళలో గుమ్మరించాలి, ముంచినంతసేపూ చల్లార్చాలి. తర్వాత తువ్వాలు మీద ఆరబోయాలి. తడి ఉంటే కాయలు ఒకదానికొకటి అతుక్కుని రాయి అవుతాయి.

అన్నిటినీ ఒకేసారి ఫ్రీజర్‌లోకి తోయకూడదన్నది చాలామంది పట్టించుకోని సంగతి. ఒక ఘనపుటడుగు చోటుకు రోజుకు రెండు మూడు పౌన్లే చాలు. ఎక్కువ పెడితే నెమ్మదిగా గడ్డకడతాయి. నెమ్మదిగా కడితే కాయలోని నీరు పెద్ద పెద్ద మంచుపలుకులై కణాల గోడలు చీలుస్తుంది, కరిగినప్పుడు రసమంతా కారిపోతుంది. త్వరగా కడితే పలుకులు సన్నగా ఉంటాయి. క్లారెన్స్ బర్డ్స్ఐ అనే ఆయన 1912, 1915 మధ్య కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు దీన్ని గమనించాడు. అక్కడి ఇన్యూట్ జనం మంచుగాలిలో చేపను బయటికి తీస్తే క్షణాల్లో గడ్డకట్టేది. నెలల తర్వాత వండినా తాజాగా ఉండేది. ఆ కిటుకుతో ఆయన తయారుచేసిన సరుకు 1930 మార్చి 6న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కొట్లలో మొదటిసారి అమ్మకానికొచ్చింది. పాలకూర, బఠానీలు ఉన్నాయి అందులో. చలిని ఆహారంగా మలచడం ఇన్యూట్ జనానికి తరతరాలుగా తెలిసిన పని. ఎండను అలా మలచడం మనకు తెలిసినట్టే. నేను పళ్ళెంలో ఒక్క వరసగా పరిచి రాత్రికి లోపల పెడతాను, పొద్దున్న గలగలమంటాయి. అప్పుడు కవర్లలో నింపి, గాలి నొక్కేసి, మూసి, తేదీ రాస్తాను. ఎనిమిది నెలలు ఏ బెంగా లేదు.

ఫ్రీజర్ ఇవ్వలేనిది ఒకటి ఉందని రథసప్తమి నాడు తెలిసింది. తెనాలిలో అమ్మ పొద్దున్నే స్నానం చేసి, చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టి, సూర్యుడికి పరమాన్నం చిక్కుడాకుల్లో పెడుతుంది. వీడియోలో చూసి మా అమ్మాయి తనూ కడతానంది. పొట్లం విప్పాం. గడ్డకట్టి ఉన్నప్పుడు పుల్ల దిగలేదు. కరిగాక కాయ వడలిపోయి పుల్ల మీద వాలిపోయింది. ఆకులు అక్టోబరులోనే మంచుకు పోయాయి. బయట మోకాలి లోతు మంచు మీద ఎండ మెరుస్తోంది. అరిటాకు ముక్కలో పరమాన్నం పెట్టి, రథం లేకుండానే దణ్ణం పెట్టుకున్నాం. కరిగిన కాయలు ఆ పూట వంకాయతో కలిపి అల్లం పచ్చిమిర్చి నూరి వేసి వండాను. అలవాటైన రుచే, కాస్త మెత్తన. ముందే మూడు నిమిషాలు వేడి చూసిన కాయ కనుక పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచనక్కర్లేదు. కరగనివ్వకుండా నేరుగా మూకుట్లో వేస్తే ఆ మెత్తదనమూ తగ్గుతుందని తర్వాత తెలిసింది.

ఎన్ని వండినా మార్చి నెల దాటాక మూడు పొట్లాలు ముట్టుకోను. వాటి మీద తేదీ కింద "అమ్మకు" అని రాసి ఉంటుంది.

ఈ ఏప్రిల్‌లో వచ్చిన రెండో రోజే, నిద్ర పట్టక తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో దీపం వేసుకుని కూర్చుంది అమ్మ. అలికిడికి లేచి వెళ్ళేసరికి పొట్లం ఒకటి బల్ల మీదుంది. తనే వండింది, వెల్లుల్లి కారం వేసి. ఇంకా తెల్లవారనైనా లేదు, ఇద్దరం వేడన్నంలో కలుపుకుని కూర్చున్నాం. ఇక్కడ తను విత్తిన పాదు కాయ తను తినడం అదే మొదటిసారి. రెండు ముద్దలు ఏమీ మాట్లాడకుండా తింది. మూడో ముద్దలో ఆగి, నోట్లోంచి సన్నటి ఈనె ఒకటి తీసి కంచం అంచున పెట్టింది.

"ఇది ఎవరు తీసిన కాయ?"

"మనవరాలు."

"కొస దగ్గర తుంచి పైకి లాగమను. ఈసారి నేను చూపిస్తాలే" అని, ఇంకాస్త అన్నం పెట్టుకుంది.