వన్నెయు వాడుకయు

క్రొత్త పాత్ర మెరయును. పదియేండ్లు వంటయింట వాడబడిన పాత్ర అంతగా మెరయదు. కాని దాని యడుగున పట్టిన మసియు, అంచునగల సొట్టయు, చేయి తగులుచోట నేర్పడిన అరుగుదలయు దాని జీవితమును చెప్పుచుండును. సాధారణముగా మనుష్యులు ఇట్టి గుర్తులను తోమి తొలగించుటకే యత్నింతురు. వానిని పనిగట్టుకొని, కుంచెపట్టి, ఓర్పుతో చిత్రించు విద్య యొకటి కలదు. అది నమూనాలు చేయువారి విద్య. అందులోను, ఎన్నడును లేని అంతరిక్షనౌకకు ఎన్నడును జరుగని ప్రయాణముల మరకలు వేయుట మిక్కిలి వింతయైన పని.

ప్లాస్టిక్ విడిభాగముల నతికించి విమానములు, ఓడలు, శకటములు మున్నగువాని చిన్న నమూనాలు చేయుట రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట అనేక దేశములలో వ్యాపించిన అభిరుచి. ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో ‘గోల్డెన్ హైండ్’ అను పూర్వపు తెరచాపయోడ నమూనాను చౌకవెలకు అమ్మి, ఈ యభిరుచిని సామాన్య గృహముల పిల్లలకు సైతము అందించినది. జపానులోని షిజువోకా నగరము ఈ పరిశ్రమకు పేరెన్నికగన్నది. మొదట నిజముగానున్న వాహనములకే నమూనాలు వచ్చుచుండెను. పిమ్మట కల్పితకథలలోని నౌకలకు కూడ వచ్చినవి.

కల్పితనౌకలకు మరకలు వేయవలెనను తలంపు బలపడుటకు ఒక చలనచిత్రము ముఖ్యకారణము. స్టాన్లీ కూబ్రిక్ 1968లో వెలువరించిన ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’లోని నౌకలు తెల్లగా, శుభ్రముగా, అప్పుడే కర్మాగారమునుండి వెలువడినట్లు కనబడును. తొమ్మిదేండ్ల తరువాత, 1977లో, జార్జి లూకాస్ ‘స్టార్ వార్స్’ చిత్రమును విడుదలచేసెను. అందలి లోకము చిరకాలము వాడబడిన లోకమువలె నుండవలెనని అతడు కోరెను. ఆ చిత్రముకొరకు 1975లో కాలిఫోర్నియాలోని వాన్ నయిస్ అనుచోట ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అను కార్యశాల ఏర్పడినది. జాన్ డైక్‌స్ట్రా నాయకత్వమున, గ్రాంట్ మెక్యూన్ మొదలగు నిపుణులు అచట నమూనాలు నిర్మించిరి. అంగళ్లలో దొరకు యుద్ధశకటముల, విమానముల, ఓడల విడిభాగములను కొనితెచ్చి నౌకల పైభాగమున అతికించిరి. పిదప వానికి మసియు, గీతలును, కాలిన గుర్తులును చేర్చిరి. ‘మిలేనియమ్ ఫాల్కన్’ అను సరకునౌక యొక్క అయిదడుగుల నమూనా అట్లు రూపొందినదే. చూచువారు దానిని బొమ్మగా తలంపలేదు. ఎన్నో రేవులు తిరిగి, ఎన్నో మరమ్మతులు పొంది, ఇంకను పనిచేయుచున్న పాతలారీని చూచినట్లు చూచిరి.

ఆ నౌకకే నేడు అరచేతిలో పట్టు నమూనాలు దొరకుచున్నవి. వాని యందు కొన్ని 1/350 పరిమాణమున నుండును. కథలో సుమారు 35 మీటర్ల పొడవుగల నౌక ఈ లెక్కను 10 సెంటీమీటర్లగును. ఇక్కడనే పనివానికి కష్టము ప్రారంభము. నమూనాపై 1 మిల్లీమీటరు మచ్చ నిజమైన నౌకపై 35 సెంటీమీటర్ల మచ్చతో సమానము. చిన్నకుంచె కొనతో గీసిన 0.2 మిల్లీమీటర్ల గీత 7 సెంటీమీటర్ల వెడల్పుగల చారయగును. పెద్ద నమూనాపై అందముగా కనబడు గీత చిన్న నమూనాపై గొడ్డలి గాటువలె కనబడవచ్చును. కావున నమూనా ఎంత చిన్నదో, చేయి అంత తేలిక కావలెను.

పని శుభ్రతతో ఆరంభమగును. చట్రమునకంటియున్న భాగములను సన్నని కటింగు ప్లయరుతో కోసి, కోసినచోట మిగిలిన ముల్లును ఉప్పుకాగితముతో నునుపుచేయుదురు. పిదప సబ్బునీటితో కడుగుదురు. ఏలయన అచ్చునుండి తేలికగా ఊడివచ్చుటకు పూసిన జిడ్డు భాగములపై నిలిచియుండవచ్చును. జిడ్డుపై రంగు పట్టదు. ఆరిన తరువాత బూడిదవన్నె అడుగుపూతను పలుచగా వేయుదురు. కొండపల్లి బొమ్మలవారు పొనికికఱ్ఱ బొమ్మకు రంగులు వేయుటకు ముందు తెల్లని సున్నపుపూత వేయుటయు ఇట్టిదే. అడుగుపూత మీదిరంగునకు పట్టునిచ్చును; అంతకుముందు కంటికి కనబడని గీతలను, అతుకులను బయటపెట్టును. తప్పులు ఆ దశలో కనబడుటయే మేలు.

తరువాత మూలవర్ణము. ఫాల్కన్ తెల్లనిదని చాలమంది తలంతురు. నిజమునకు అది లేత బూడిదవన్నెగలది. చిన్న నమూనాకు అచ్చమైన తెలుపుగాని, అచ్చమైన నలుపుగాని వాడరు. దూరముననున్న కొండ లేతగా కనబడునట్లు, దూరమునుండి చూచిన పెద్దవస్తువు రంగు కొంత వెలసినట్లుండును. అరచేతిలోని నౌకను చూచుట పెద్దనౌకను చాలదూరమునుండి చూచుటయే గదా! కావున రంగును ఒకపాలు తేలికపరుతురు. అంతటను ఒకే రంగు పూసినను బొమ్మవలెనే యుండును. అందుచే కొన్ని పలకలను కొంచెము పసుపుఛాయతోను, కొన్నిటిని కొంచెము నీలిఛాయతోను వేయుదురు. ఒక పలక పాతది, మరియొకటి మరమ్మతులో మార్చబడినది అని చూచువాని మనస్సు దానంతట అదియే ఊహించుకొనును.

రంగు ఆరినపిదప మెరుపు వార్నీషు పూయుదురు. దానిపై, నీటిలో నానవేసి జార్చి అతికించు పలుచని గుర్తులను నిలుపుదురు. వీనిని డెకాల్స్ అందురు. గరుకైన తలముపై నతికించినచో వాని క్రింద గాలి చిక్కి వెండివలె మెరయును. నునుపైన తలముపై అవి రంగుతో కలిసిపోవును. గుర్తులు అతికినపిమ్మట మరల ఒక వార్నీషుపూత.

ఈ దశలో నౌక ముచ్చటగా నుండును. పదిదినముల శ్రమ దానిపై మెరయుచుండును. ఇక దీనిని ముట్టరాదని మనస్సు చెప్పును. అనేకు లిచ్చటనే ఆగుదురు. ఆగుట తప్పు కాదు. కాని ఆ నౌక ఎక్కడికిని పోయివచ్చినట్లుండదు. ముందునకు సాగినచో పదిదినముల పని ఒక్క గంటలో చెడవచ్చును. పూర్తియైన మంచిపనిపై మురికిరంగు పెట్టుటకు చేయి వణకును. ఆ వణకునకు మందు మొండిధైర్యము కాదు, ముందుచూపు. క్రింద నీటితో కలుపు యాక్రిలిక్ రంగును, దానిపై వార్నీషును వేసియుంచినవాడు, ఆపైన టర్పెంటైనుతో పలుచబరచిన తైలవర్ణమును వాడును. అది క్రిందిరంగును కరగించదు. నచ్చనియెడల, ఆరకముందే గుడ్డతో తుడిచివేయవచ్చును. మరియు తెలివిగలవాడు తొలిప్రయత్నమును నౌకపై చేయడు. పనికిరాని ప్లాస్టిక్ ముక్కపై చేసి చూచుకొనును. వెనుకకు మరలుటకు దారి నుంచుకొన్నవాడు నిర్భయముగా ముందడుగు వేయగలడు.

ఈ పలుచని తైలవర్ణమును వాష్ అందురు. కుంచెకొనను పలకల సందున ఆనించినంతనే రంగు సన్నని కాలువలో నీరువలె తనంతట ప్రాకిపోవును. దీపపువత్తి నూనెను పైకి లాగు కేశనాళికాధర్మమే ఇచటను పనిచేయుచున్నది. వార్నీషులేని గరుకుతలమున ఈ రంగు సందులో నిలువక చుట్టును ప్రాకి మచ్చలగును. ద్రావకము అధికమై కీళ్లలో నిలిచినచో ప్లాస్టిక్ పెళుసై పగులును. దాని ఆవిరి ఆరోగ్యమునకు హానికరము. కిటికీలు తెరచియుంచి, దీపమునకు దూరముగా ఈ పని చేయవలెను.

ఇక మరకలు. ఇచట చేతికంటె బుద్ధికి పని యెక్కువ. ప్రతి మరకకును ఒక కారణ ముండవలెను. ఇనుము త్రుప్పుపట్టుటకు ప్రాణవాయువును తేమయు కావలెను; అంతరిక్షమున ఆ రెండును లేవు. కావున ఎన్నడును గ్రహముపై దిగని నౌకకు ఎఱ్ఱని త్రుప్పు వేయుట అసంగతము. అట్లని అంతరిక్షము వస్తువులను క్రొత్తగా నుంచునని తలపరాదు. హబుల్ దూరదర్శినిలో 1993లో అమర్చిన కెమెరాను 2009లో భూమికి తెచ్చినప్పుడు, దాని పైతలమున సూక్ష్మమైన ఉల్కాకణములు, శిథిలముల రేణువులు తాకిన గుంటలనేకము కనబడినవి. 1969 మొదలు 1972 వరకు చంద్రునిపై దిగిన అపోలో యాత్రికులను, దుస్తులకు అంటుకొని ఎంత దులిపినను వదలని చంద్రధూళి బాధించినది. మన శ్రీహరికోటనుండి 2007 జనవరి 10న ఎగసిన 550 కిలోగ్రాముల పేటిక కక్ష్యలో తిరిగి, జనవరి 22న వాయుమండలములోని తీవ్రతాపమునకు ఓర్చి బంగాళాఖాతమున దిగినది. తిరిగివచ్చు నౌక అగ్నిపరీక్షకు నిలువక తప్పదు.

ఈ సంగతులు తెలిసినవాడు కుంచెపట్టి ప్రశ్నించుకొనును: ఈ నౌక ఎచటికి పోయినది? ఇసుకనేలపై దిగినదా? దిగినచో దాని కాళ్లకును క్రిందిభాగమునకును ధూళి యంటియుండును. యంత్రములు వేడెక్కుచోట లోహము గోధుమవన్నెకును నీలివన్నెకును తిరిగియుండును. పనివారు తరచుగా తెరచు మూతలయంచున రంగు రాలియుండును. నూనె కారినచో, నేలపై నిలిచియున్నప్పుడు అది క్రిందికే జారును గాని ప్రక్కకు జారదు. ఈ విధముగా స్థలము నిశ్చయమైన తరువాతనే మరక వేయవలెను. చిన్న స్పాంజిముక్కను రంగులో ముంచి, కాగితముపై అద్ది, దాదాపు పొడియైన పిమ్మట అంచులకు తాకించినచో రాలిన రంగువలె నుండును. రంగుసుద్దను గీకిన పొడిని మెత్తని కుంచెతో రుద్దినచో మసియగును. మెత్తని పెన్సిలు మొనతో అంచును తాకినచో అరిగిన లోహము మెరయును.

ఇచట చెడుట సులభము. మొదటి మరక బాగుండును. రెండవది ఇంకను బాగుండును. పదియవది వేయువేళకు నౌక బురదలో దొర్లినట్లగును. వేయవలసిన మరకను కనుగొనుటకంటె, చాలునని కుంచె దించుటయే కష్టమని ఈ విద్య నేర్చినవారందరును అంగీకరింతురు. కొన్ని గంటలు విడిచి, మరునాటి పగటివెలుతురున చూచి నిర్ణయించుట మంచిపద్ధతి. చివరకు మెరుపులేని వార్నీషు పూసినపుడు కాంతి చెదరి, అరచేతిలోని బొమ్మ హఠాత్తుగా పెద్దదైనట్లు తోచును.

ఇది కపటము కాదా యని యెవరైన అడుగవచ్చును. క్రొత్త కంచువిగ్రహమునకు చిలుముపట్టించి ప్రాచీనవిగ్రహమని అమ్ముట కపటమే. నమూనాకారుడు ఎవ్వరిని మోసగింపడు; అది బొమ్మయని చూచువాడెరుగును. నాటకమున ముసలివేషము ధరించిన యువకుడు అబద్ధమాడుచున్నట్లు కాదు గదా! అతడు ముదిమిని శ్రద్ధతో గమనించి, తాను గమనించినదానిని చూపుచున్నాడు. నమూనాకారుడును అంతే.

ఆ గమనికయే ఈ విద్యవలన కలుగు గొప్పలాభము. మరకలు వేయనేర్చినవానికి వీధిలోని వస్తువులే గురువులు. ధాన్యము దించి నిలిచిన ట్రాక్టరు చక్రముపై బురద ఎచటివరకు ఆరినదో, బస్సుద్వారపు కమ్మి ఎందరి చేతులు పట్టి నునుపైనదో, రేవున బోర్లించిన పడవయడుగున రంగు ఎందుకు ముందుగా పోవునో అతడు నిలిచి చూచును. అంతకుముందు వికారముగా తోచినది అతనికిప్పుడు అర్థవంతముగా తోచును. రంగుపోయిన ప్రతిచోటను ఎవరో పనిచేసియుందురు. అట్లు చూచుట కలవాటుపడిన కన్ను, కాయలు కాచిన అరచేతిని చూచినపుడును, వెలసిన చొక్కాతో పనినుండి మరలివచ్చువానిని చూచినపుడును, తక్కువచూపు చూడజాలదు.