తొలి సీత

భద్రాద్రి రాముని ఊరివాళ్ళము మేము. పర్ణశాల మాకు పక్కనే. అయినా మాటలు నేర్చిన తెలుగు తెరపై తొలి సీత ఎవరని అడిగితే మా పాఠశాలలో తోటి ఉపాధ్యాయులు సైతం అంజలీదేవి అనేవారు. సురభి కమలాబాయి పేరు ఒక్కరికీ స్ఫురించేది కాదు.

1932లో హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి. అనగా మన టాకీల మొదటి నాయిక ప్రేయసి కాదు, తల్లి! నాకీ సంగతి మహా ముచ్చట. ఆ ఏడే ‘శకుంతల’, ఆ ఏడే ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత. నేపథ్యగానం లేని రోజులవి. నటిస్తూనే పాడాలి. మైకు అందకుండా అరిచి పాడిన గొంతుకు అదేమంత కష్టం? దమయంతి వేషంలో ఉన్న తల్లికి నాటకం నడుమ నొప్పులు వచ్చి, రంగస్థలం మీదనే ఈమె పుట్టిందని చెప్పుకుంటారు. పురుషులు ఆడవేషాలు కట్టే కాలాన స్త్రీ పాత్రలు స్త్రీలకే ఇచ్చిన సమాజం సురభి. ఈమె మాత్రం కృష్ణుని వేషం కూడా కట్టేదట!

తరువాత బొంబాయిలో హిందీ చిత్రాలు, ఆపైన మద్రాసులో చిన్న పాత్రలు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఆమెయే. ఆ చిత్రాన్ని చిన్ననాడు బూర్గంపాడు టూరింగు టాకీసులో చూశాను. నేల టిక్కెట్టులో నా పక్కన కూర్చున్న మా అమ్మ, రాముడి తల్లి ఏడ్చినప్పుడల్లా కొంగుతో కళ్ళు తుడుచుకొన్నది. ఆ తల్లి ఎవరో మాకు చెప్పినవారు లేరు.