ఆకర్షణకు ఎల్ల కలదా?

బరంపురమున మా కుటుంబము తరతరములుగా నివసించుచున్నది. నేను భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి నొందితిని. పదునాలుగేండ్ల మా మనుమడు తెలుగు మాటలాడును గాని చదువనేరడు.

మొన్నటి వేసవి సెలవులలో వాడు ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అను కంప్యూటరు ఆటలో మునిగియుండెను. అందలి కెర్బిన్ అను కల్పితగ్రహమునకు వ్యాసార్ధము 600 కిలోమీటర్లే. అయినను పడు వస్తువు వేగము భూమిపై వలెనే సెకనునకు 9.81 మీటర్ల చొప్పున హెచ్చును. ‘కోపర్నికస్’ అను మాడ్‌ను, అనగా ఆటకు చేర్చు అనుబంధమును, వేసికొన్నచో గ్రహముల కొలతలను మనమే మార్చవచ్చును.

వాడు వ్యాసార్ధమును 6,000 కిలోమీటర్లు చేసి, ఉపరితల గురుత్వమును మాత్రము కదల్పలేదు. రాకెట్టు కక్ష్య చేరక కూలిపోయెను.

“గురుత్వం మార్చలేదు కదా తాతయ్యా, ఎందుకు పడింది?” అనెను.

“ద్రవ్యరాశి నూరు రెట్లయింది. కక్ష్యలో నిలవడానికి మూడు రెట్లకు పైగా వేగం కావాలి.”

“ద్రవ్యరాశి అంటే?”

“మాస్” అని చెప్పవలసివచ్చెను. మనసు చివుక్కుమనెను.

ఆ ఆటలో ప్రతి గ్రహమునకును ప్రభావగోళమను ఎల్ల యొకటి కలదు. కెర్బిన్‌కు అది సుమారు 84,159 కిలోమీటర్లు. అది దాటిన క్షణముననే కెర్బిన్ ఆకర్షణ పూర్తిగ మాయమై, నౌక సూర్యుని పాలగును. ఇది లెక్కల సౌలభ్యమునకై చేసిన యేర్పాటు. ప్రకృతిలో దూరము రెట్టింపైన ఆకర్షణ నాలుగవ వంతగును. ఎంత దూరమేగినను సున్న కాదు. మన చంద్రుని భూమికంటె సూర్యుడే రెండింతలకు పైగా లాగుచున్నాడు. అయినను చంద్రుడు భూమిని విడువలేదు.

‘ప్రిన్సిపియా’ అను వేరొక మాడ్ ఈ ఎల్లను తొలగించి, గోళములన్నిటి ఆకర్షణను ఒక్కసారిగా లెక్కించును. 1687లో న్యూటను ప్రకటించిన గ్రంథము పేరే దానికి పెట్టిరి. మేమది వేసి చూచితిమి.

“అయితే రెండూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయా?” అని వాడడిగెను.

“ఉంటాయిరా.”

1936లో మా ఊరు మద్రాసు రాజధానినుండి ఒరిస్సాలో చేరెను. పటముపై గీత మారినను, మా యింట తెలుగు నిలిచినది. ఓడ్రభాషయు మాకు అన్నము పెట్టినది. రెంటి ఆకర్షణయు మాకు నిజమే. కాని చదువనిచో మన భాష లాగుడు తరమునకొక వంతు తగ్గునని ఆనాడు నాకు భయము కలిగెను.

ఆ సాయంకాలము వాడే నోటుపుస్తకము తెచ్చి, ‘ద్రవ్యరాశి’ అని వ్రాసిచూపుమనెను. అక్షరాక్షరము దిద్దెను. రావత్తు తప్పినది. మరల దిద్దించితిని.