గురకకు కళ్లెం

పిల్లలూ, మన ఆంధ్రప్రదేశ్ పటం తీసి ఈశాన్యపు మూల చూడండి. ఒడిశా సరిహద్దును ఆనుకుని శ్రీకాకుళం జిల్లా, దానికి దిగువగా విజయనగరం జిల్లా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా 1950లోనూ, విజయనగరం జిల్లా 1979లోనూ ఏర్పడ్డాయి. ఈ సీమకు వెళ్లినవారు విజయనగరం కోటను, అరసవల్లి సూర్యదేవుణ్ణి, శ్రీకూర్మాన్ని చూచి వస్తారు. మేము మాత్రం మరొక పని మీద ప్రయాణమయాము. గురకకు కళ్లెం చేయించడానికి!

నవ్వకండి. ఆ కళ్లెం కావలసింది నా మిత్రుడికి. ఆయన విజయనగరంలో ముప్ఫై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేశారు. ఆయన గురక వీధి చివరిదాకా వినిపిస్తుందని ప్రతీతి. ఇంట్లో పిల్లలంతా ఆయనను కుంభకర్ణ తాతయ్య అనేవారు. ఆయన కూడా నవ్వేవారు. నవ్వనిది ఆయన భార్య ఒక్కతే. “గురక వినిపించినంతసేపూ నాకు భయంలేదు. అది చటుక్కున ఆగిపోతుందే, అప్పుడే నాకు గుండె దడ,” అనేది ఆవిడ.

నిజమే. పంతులుగారికి నిద్రలో గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. దానితోపాటు ఊపిరీ ఆగేది. కొంతసేపు చప్పుడే ఉండేది కాదు. తరువాత ఆయన ఎవరో నీళ్లలోనుంచి పైకి లాగినట్టు గుప్పున గాలి పీల్చుకునేవారు. తెల్లవారాక ఆయనకు ఇదేమీ గుర్తుండదు. అయితే పగలు పత్రిక చేతిలో ఉండగానే కునుకు పట్టేది. ఒకనాడు స్కూటరు మీద వెళుతూ కూడా రెప్పలు వాలాయట. అప్పుడు మాత్రం ఇంటిల్లపాదీ బెదిరిపోయి ఆయనను వైద్యుని దగ్గరకు తీసుకుపోయారు.

వైద్యుడు ఒక రాత్రి ఆయన ఒంటికి సన్నని తీగలు అమర్చి నిద్రపుచ్చి పరీక్ష చేశాడు. ఊపిరి పది సెకండ్లకు తక్కువ కాకుండా ఆగినా, బాగా సన్నగిల్లినా దాన్ని ఒక లెక్కగా వేస్తారు. పెద్దవాళ్లలో గంటకు అయిదు దాటితే జబ్బు ఉన్నదని అనుమానించాలి. పదిహేను దాటితే మధ్యరకం, ముప్ఫై దాటితే తీవ్రం. పంతులుగారికి పదకొండు వచ్చింది. “బరువు తగ్గండి, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి, దంతవైద్యుని చేత నోటికి తొడుగు చేయించుకోండి,” అని వైద్యుడు చెప్పాడు.

పంతులుగారు మొదట బజారులో తయారుగా దొరికే తొడుగు కొన్నారు. దాన్ని వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక కొరికి, పళ్లకు అమర్చుకోవాలి. మూడు రాత్రులు పెట్టుకున్నారు. చిగుళ్లు ఒరుసుకుపోయాయి. నాలుగో రాత్రి అది సొరుగులోకి పోయింది. సొరుగులో ఉన్న మందు ఎంత గొప్పదైనా రోగం కుదర్చదు కదా! ఆయన శిష్యుడొకడు శ్రీకాకుళంలో దంతవైద్యుడుగా ఉన్నాడు. అతని దగ్గరకు పోదామని ఆయన, ఆయన మనుమరాలు, నేను విజయనగరంలో పాసింజరు బండి ఎక్కాము.

విజయనగరం సంగీతానికి పుట్టినిల్లు వంటిది. ఇక్కడి మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలయింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే పాఠాలు చెప్పారు. ఇటువంటి ఊళ్లో రైలెక్కితే పెట్టెలో సన్నాయి మేళం ఎదురుపడడం వింత కాదు. పెళ్లికి పోతున్న సన్నాయి విద్వాంసుడు ఒకాయన మా ఎదుట కూర్చున్నాడు. ఆయన సన్నాయికి దారాలతో నాలుగైదు చిన్న పుల్లల వంటివి వేలాడుతున్నాయి.

“అవేమిటి తాతా?” అని పాప అడిగింది.

“ఇవి జీవాళీలమ్మా. సన్నాయిని నోట పెట్టుకునే భాగం ఇదే,” అంటూ ఆయన ఒకటి విప్పి చూపించాడు. రెల్లుజాతి గడ్డితో చేసిన రెండు పలుచని రేకులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. “మరీ మెత్తగా ఉంటే స్వరం జారిపోద్ది. మరీ గట్టిగా ఉంటే పెదవి నొప్పెట్టి ఘడియసేపు కూడా వాయించలేం. ఎవరి నోటికి తగ్గది వాళ్లు చూసుకోవాల్సిందే. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు.”

పంతులుగారు నా వంక చూశారు. ఆయన సొరుగులోని తొడుగు గుర్తుకువచ్చి ఉంటుంది.

బండి నెల్లిమర్ల దాటింది. నేను పాపకు ఒక ప్రయోగం చూపించాను. మీరూ చేయవచ్చు. రెండు కాగితాలను చేతికొకటి చొప్పున, నడుమ రెండంగుళాల ఎడం ఉండేట్టు నిలువుగా పట్టుకుని ఆ సందులోకి గట్టిగా ఊదండి. కాగితాలు విడిపోతాయనుకుంటారు. కాని అవి దగ్గరకు వచ్చి టపటప కొట్టుకుంటాయి! గాలి వేగంగా పోయేచోట దాని ఒత్తిడి తగ్గుతుంది. అందుచేత బయటి గాలి కాగితాలను లోపలికి నెడుతుంది.

గురక కూడా ఇదే కథ. మనం మేలుకుని ఉన్నప్పుడు గొంతులోని కండరాలు బిగువుగా ఉంటాయి. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కు జారుతుంది. గాలి పోయే దారి ఇరుకవుతుంది. ఇరుకుదారిలో గాలి వేగం పెరిగి, అంగిటి వెనుకనున్న మెత్తని భాగమూ, కొండనాలుకా ఆ కాగితాల మాదిరిగా అదురుతాయి. ఆ అదురుపాటే గురక. సన్నాయిలో రేకులు అదిరితే పెళ్లిపాట, గొంతులో కండ అదిరితే గురక! దారి మరీ ఇరుకై పూర్తిగా మూసుకుపోతే శబ్దమూ ఉండదు, ఊపిరీ ఉండదు. పంతులుగారి భార్య భయపడింది అందుకే.

“మరి నోట్లో తొడుగు పెడితే గొంతులో దారి ఎలా తెరుచుకుంటుంది?” అని పాప అడిగింది. మంచి ప్రశ్న. నాలుక కండరం కింది దవడ ఎముకకు లోపలివైపున అతుక్కుని ఉన్నది. దవడను ముందుకు జరిపితే నాలుక కూడా ముందుకు వస్తుంది. వెనుక దారి వెడల్పవుతుంది. స్పృహ తప్పిన మనిషికి ఊపిరి ఆడడానికి వైద్యులు దవడను ముందుకు ఎత్తి పట్టేది ఇందుకే. రాత్రంతా ఎవరో ఆ విధంగా పట్టుకు కూర్చోలేరు గనుక ఆ పని తొడుగు చేస్తుంది. ఫ్రాన్సు దేశంలో పియర్ రోబిన్ అనే వైద్యుడు కింది దవడ చిన్నదిగా ఉన్నవారికోసం, దాన్ని ముందుకు నిలిపే సాధనాన్ని 1902లోనే తయారుచేశాడు.

చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరులో దిగాము. సన్నఖాదీ నేసే ఊరికి వచ్చి చూడకుండా పోవడం ఎలా? పైగా పాపకు నేను ఒక విచిత్రమైన దవడను చూపిస్తానని మాట ఇచ్చాను. ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ కొండపత్తి ముందు పెట్టుకుని కూర్చున్నది. ఆమె చేతిలో ఉన్నది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ! దానికి సూదిమొనల వంటి సన్నని పళ్లు వరుసలుగా ఉన్నాయి. ఆమె వాటితో దూదిని నెమ్మదిగా దువ్వుతున్నది. నలుసులు రాలిపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతున్నాయి. తరువాత ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో దాస్తారు. వాటితో నూరో నంబరు నూలు కూడా వడుకుతారు. ఈ పనితనాన్ని గాంధీమహాత్ముడు ఎంతగానో మెచ్చుకున్నాడు.

“ఇనప దువ్వెన పెట్టుకోవచ్చు కదా అవ్వా?” అన్నది పాప.

“ఇనుముకేటి తెలుస్తాది తల్లీ, దూది ఎంత మెత్తనో? పీకి పారేస్తాది. ఈ దవడైతే నలుసునే లాగుద్ది, పోగుని తెంపదు,” అన్నది అవ్వ.

ఎంత చక్కని మాట! పట్టవలసినదాన్ని పట్టాలి, నొప్పించకూడనిదాన్ని నొప్పించకూడదు. పంతులుగారి తొడుగుకు కావలసిన లక్షణమూ ఇదే.

మళ్లీ బండి ఎక్కి, దూసి దాటి, నాగావళి వంతెన మీదుగా ఆమదాలవలస చేరాము. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఇదే. అక్కడినుంచి బస్సులో పట్నం పది మైళ్ల లోపే.

శిష్యుడు గురువుగారికి నమస్కారం పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. “మాస్టారూ, ఒకప్పుడు మీరు నన్ను నోరు మూయమనేవారు. ఇవాళ మీరు తెరవాలి,” అన్నాడు. ముందు పళ్లన్నీ గట్టిగా ఉన్నాయా, దవడ కీళ్లలో నొప్పి ఉన్నదా, ముక్కు బాగా ఆడుతున్నదా అని చూశాడు. పళ్లు కదులుతుంటే తొడుగు నిలవదు. ముక్కు మూసుకుపోయి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

తరువాత ఒక పొడిని నీళ్లతో కలిపి ముద్ద చేశాడు. అది సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచునుంచి తీసిన పదార్థం. దాన్ని పళ్ళెంలో వేసి పళ్లకు అదిమిపెడితే కొద్ది నిమిషాలలో రబ్బరులా గట్టిపడింది. తీసి చూస్తే పంతులుగారి పళ్ల అచ్చు! దానిలో సున్నపుముద్దలాంటి ప్లాస్టరు పోస్తే పళ్ల బొమ్మ వచ్చింది. కింది దవడను ఎంత ముందుకు జరిపితే హాయిగా ఉంటుందో చూచి ఆ కొలత కూడా తీసుకున్నాడు.

“ఈ బొమ్మల మీద పైపళ్లకొకటి, కిందిపళ్లకొకటి తొడుగులు చేస్తాం,” అని అతడు పాపకు వివరించాడు. “రెండింటినీ కలిపే చోట మర ఉంటుంది. ఒక్కసారే దవడను లాగితే కీళ్లు నొప్పి పెడతాయి. కొన్ని రోజులకొకసారి మర తిప్పి, మిల్లీమీటరులో చిన్న భాగం చొప్పున ముందుకు జరుపుతాం. అంచులు చిగుళ్లను తాకకూడదు. నాలుకకు చోటు ఉండాలి. పెదవులు కలవాలి. హాయిగా ఉండడం సోకు కాదమ్మా. హాయిగా లేకపోతే మనిషి దాన్ని పెట్టుకోడు. పెట్టుకోకపోతే అది ఉన్నా లేనట్టే.”

రెండు వారాలకు తొడుగు తయారయింది. మొదట్లో నోట లాలాజలం ఊరేది. ఒక అంచు నొక్కితే మళ్లీ వెళ్లి దాన్ని అరగదీయించుకున్నారు. కొన్నాళ్లకు అలవాటు పడ్డారు. మూడు నెలల తరువాత తొడుగుతోనే మళ్లీ నిద్రపరీక్ష చేయిస్తే పదకొండు కాస్తా నాలుగుకు దిగింది. గురక తగ్గింది గదా అని ఊరుకోకుండా లెక్క చూడడమే సరైన పద్ధతి. చప్పుడు తగ్గినా ఊపిరి ఆగడం తగ్గకపోవచ్చు. పళ్లు కదిలిపోకుండా, దవడ కీళ్లు చెడకుండా దంతవైద్యుడు కూడా అప్పుడప్పుడు చూస్తూండాలి.

ఈ తొడుగు అందరికీ సరిపోదు. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ముక్కు మీద తొడుగు పెట్టి, గొట్టంతో గాలిని ఒత్తిడిగా పంపే యంత్రం ఉన్నది. దాన్ని ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు కనిపెట్టి 1981లో లోకానికి తెలిపాడు. అదే దేశపు ఆదివాసులు డిజరిడూ అనే పొడుగాటి ఊదుడు వాద్యం వాయిస్తారు. స్విట్జర్లాండులో కొందరు వైద్యులు ఈ జబ్బు ఉన్న 25 మందిని తీసుకుని, కొందరిచేత నాలుగు నెలలు ఆ వాద్యం వాయించారు. వాయించినవారికి ఊపిరి ఆగడమూ, పగటి కునుకూ తగ్గాయని 2006లో ప్రకటించారు. ఊదేటప్పుడు గొంతు కండరాలకు కసరత్తు అవుతుందన్నమాట.

ఇక మీ సంగతి. పిల్లలకు జలుబు చేసినప్పుడు గురక రావడం మామూలే. కాని రోజూ గురక పెడుతూ, నోరు తెరచి నిద్రపోతూ, పగలు బడిలో తూగుతూ ఉంటే, ముక్కు వెనుకనున్న కండగాని, గొంతులోని టాన్సిల్స్ గాని పెరిగి ఉండవచ్చు. అటువంటి పిల్లవాణ్ణి సోమరి అని మందలిస్తే లాభంలేదు, వైద్యునికి చూపించాలి. పెరిగే దవడకు పెద్దల తొడుగు పెట్టరాదు. ఎక్కడో చూచి నోటికి పట్టీ అంటించుకోవడం కూడా ప్రమాదమే. ముక్కు మూసుకుపోతే గాలికి మరో దారి ఉండదు.

ఈ రాత్రి మీ ఇంట్లో తాతయ్యో, నాన్నో, అమ్మో గురక పెడితే ఆటపట్టించకండి. కాస్సేపు చెవి పెట్టి వినండి. గురక ఆగుతూ, ఊపిరి ఉక్కిరిబిక్కిరవుతూ ఉంటే పొద్దున్నే ఆ మాట పెద్దవాళ్లకు చెప్పండి. నిద్రపోయే మనిషికి తన గురక వినిపించదు. అది వినవలసింది మేలుకుని ఉన్నవారే.