లెమన్ వీధి కూడలి

అనహైమ్‌లో ఏంజెల్స్ స్టేడియం ముఖద్వారం ముందు రెండు భారీ ఎర్ర టోపీలుంటాయి. అక్కడే నేల మీద ఇటుకలతో బేస్‌బాల్ మైదానం ఆకారం పరిచారు. పిచ్చర్ నిలబడే దిబ్బ కూడా అందులో ఉంది. 2009 ఏప్రిల్‌లో జనం ఆ దిబ్బను టోపీలతో, బంతులతో, పూలతో, ఉత్తరాలతో కప్పేశారు.

"నాన్నా నేనూ వచ్చి నా టోపీ ఇక్కడే పెట్టాం మామయ్యా. అప్పుడు నాకు పదేళ్లు" అన్నాడు మా అక్క కొడుకు. వాడికి ఇష్టమైన ఏంజెల్స్ పిచ్చర్ నిక్ ఏడెన్‌హార్ట్.

మేరీలాండ్‌లో పెరిగిన కుర్రాడు నిక్. హైస్కూలు చివరి ఏడాది మోచేతి స్నాయువు దెబ్బతిని ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. దాంతో ప్రొఫెషనల్ జట్ల 2004 ఎంపికల్లో మొదటి రౌండులోనే పోవాల్సినవాడు 14వ రౌండు దాకా మిగిలిపోయాడు. ఏంజెల్స్ అప్పుడు తీసుకుని, చేయి బాగయ్యేదాకా కాచుకున్నారు. చిన్న లీగుల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చి 22 ఏళ్లకు పెద్ద జట్టులో చోటు సంపాదించాడు. 2009 ఏప్రిల్ 8 రాత్రి ఓక్లండ్ మీద ఆట. ఈసారి తప్పకుండా రమ్మని తండ్రిని పిలిపించుకున్నాడు. ఆరు ఇన్నింగ్స్ విసిరి ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. జట్టు చివరికి ఓడిపోయింది గానీ, కొడుకు గెలిచిన రాత్రే అది. ఆ తండ్రి కళ్లారా చూశాడు. నాకు అదొక్కటే కాస్త ఊరట, అదే భరించలేనిదీను.

అక్కణ్ణించి ఫుల్లర్టన్ వెళ్లాం, ఎంతో దూరం లేదు. లెమన్ వీధి, ఆరంజ్‌థోర్ప్ అవెన్యూ కలిసే కూడలి. ఆ ఆట అయిన రాత్రే, అర్ధరాత్రి దాటాక ఎర్ర దీపాన్ని లెక్కచేయకుండా వచ్చిన వ్యాను ఇక్కడే నిక్ ఉన్న కారును గుద్దింది. నిక్‌తో పాటు 20 ఏళ్ల అమ్మాయి, 25 ఏళ్ల అబ్బాయి పోయారు. నాలుగో కుర్రాడికి పుర్రె వెన్నెముక నుంచి విడిపోయినా ప్రాణం దక్కింది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు, బళ్లు ఆగుతున్నాయి, కదులుతున్నాయి.

ఆ సీజనంతా జట్టు నిక్ లాకరు తీసేయలేదు. సెప్టెంబరులో డివిజన్ గెలిచిన రాత్రి ఆటగాళ్లంతా మైదానం చివరి గోడ మీదున్న అతని బొమ్మ దగ్గరికి పరుగెత్తారు. తోటి పిచ్చర్ జెరెడ్ వీవర్ ఆ తర్వాత ఏళ్ల తరబడి, బంతి విసరబోయే ముందు దిబ్బ మట్టిలో అతని పేరు పొడి అక్షరాలు రాసేవాడు. తన కొడుక్కి ఏడెన్ అని పేరు పెట్టుకున్నాడు.

వ్యాను నడిపినవాడి రక్తంలో మద్యం హద్దుకు రెండింతలకు పైగా ఉంది. లైసెన్సు అప్పటికే సస్పెన్షన్‌లో ఉంది. 2006లో తాగి నడిపినందుకు శిక్ష పడింది కూడా. ఇంకోసారి తాగి నడిపి ఎవరినైనా చంపితే హత్యానేరం మోపవచ్చని తనకు తెలుసంటూ అప్పుడు కాగితం మీద సంతకం చేశాడు. ఆ సంతకం కోర్టులో అతనికి అడ్డం తిరిగింది. 2010లో మూడు హత్యలకు దోషిగా తేలి, కనీసం 51 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. సరైన తీర్పనే నా నమ్మకం. తెలిసి తాళం తిప్పినవాడి నేరాన్ని పొరపాటు కింద కొట్టేయకూడదు.

రాత్రి భోజనాల దగ్గర, నిక్‌ది చిన్న వయసు, రాత అలా ఉంది అంది అక్క. నేను ఆ కాగితం సంగతి చెప్పాను. ఆమె ముద్ద కలపడం ఆపి గట్టిగా అడిగింది:

"సంతకం పెట్టించుకున్నవాళ్లు సరే, లైసెన్సు లేనివాడికి ఆ బండి తాళాలు ఎవరిచ్చారురా?"